రాబిన్సన్‌కు మళ్లీ సెలవిచ్చారు

నల్లజాతి బేస్‌బాల్ దిగ్గజం జాకీ రాబిన్సన్ సైనిక జీవితం మీద అమెరికా రక్షణ శాఖ (పెంటగాన్) వెబ్‌సైట్లో ఉన్న పేజీ మాయమైంది. గొడవ పెద్దదయ్యాక 2025 మార్చి 19న మళ్లీ ప్రత్యక్షమైంది. తీసేసినప్పుడు దాని చిరునామాలోకి 'డీఈఐ' అని మూడక్షరాలు వచ్చి చేరాయి. అంటే అన్ని జాతులవాళ్లకూ చోటివ్వాలనే కార్యక్రమాల ఖాతాలో ఆయన్ని జమకట్టి, వాటితో పాటే ఊడ్చేశారన్నమాట. దేశం కోసం యూనిఫాం వేసుకున్న మనిషి పేజీ తీసేయడానికి ఆ మూడక్షరాలు చాలాయి.

మాకు ఎక్కువ కోపం తెప్పించింది తీసేసిన తీరు. చడీచప్పుడు లేదు, కారణం లేదు, ఎవరైనా అడిగేదాకా మాట లేదు. ఇదే సైన్యం ఇదే మనిషిని అచ్చం ఇలాగే ఒకసారి పక్కకు తప్పించింది. 80 ఏళ్ల పైమాట, కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీలో.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమెరికాలో చాలా సైనిక స్థావరాలకు సొంత ఫుట్‌బాల్ టీములుండేవి (మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్). పెద్ద పెద్ద యూనివర్సిటీలతో తలపడేవి. 1943 సీజన్లో అప్పటిదాకా ఓటమే ఎరగని నోటర్‌డామ్ యూనివర్సిటీని గ్రేట్ లేక్స్ నౌకాదళ శిక్షణ కేంద్రం టీము 19-14తో ఓడించింది కూడా. ఫోర్ట్ రైలీకీ ఒక టీముంది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో స్టార్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని సైన్యంలోకి వచ్చిన రాబిన్సన్‌ను అందులోకి తీసుకున్నారు, ప్రాక్టీసు చేయించారు. ఈలోగా మిస్సోరి యూనివర్సిటీతో ఆట వచ్చింది. నల్లవాడున్న టీముతో మేం ఆడం అన్నారు వాళ్లు. అప్పుడు సైన్యం ఏం చేయాలి? అయితే ఆటే వద్దు పొమ్మనాలి. ఆ ధైర్యం లేకపోతే కనీసం రాబిన్సన్‌ను పిలిచి ఉన్నమాట చెప్పాలి. రెండూ చేయలేదు. ఇంటికి వెళ్లి రమ్మని సెలవిచ్చింది. ఆయన అడగని సెలవు.

విస్తరి ముందు కూర్చోబెట్టి, పక్కవాడు మొహం చిట్లించాడని, "బాబూ, నీకోసం బయట ఎవరో వచ్చారు" అని లేపి పంపేస్తే ఎలా ఉంటుందో అలాంటిది ఇది. వెళ్లగొట్టడం ఒక అవమానం, అబద్ధం చెప్పి వెళ్లగొట్టడం ఇంకో అవమానం. రాబిన్సన్‌కు అర్థమైంది. తిరిగొచ్చి, ఇక ఆడనన్నారు. ఆడమని నేను ఆర్డర్ వేయగలను తెలుసా అన్నాడు కల్నల్. వేయొచ్చు గానీ బాగా ఆడమని ఆర్డర్ వేయలేరు కదా అన్న అర్థంలో జవాబిచ్చి, టీము వదిలేశారు.

అక్కడే బేస్‌బాల్ టీముకు వెళ్తే, నల్లవాళ్ల టీములో ఆడుకో పొమ్మన్నాడొక అధికారి. ఆ స్థావరంలో అసలు అలాంటి టీమే లేదు. ఆ రోజు మైదానంలో ఉన్న పీట్ రైజర్ అనే ఆటగాడు ఆ దృశ్యాన్ని చాలా ఏళ్ల తర్వాత గుర్తు చేసుకున్నారు. ఆ కుర్రాడు కాసేపు అక్కడే నిలబడి మిగతావాళ్ల ప్రాక్టీసు చూసి, ఒక్కడే వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయాడట. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి, అన్నేళ్లుగా తెల్లవాళ్లకే పరిమితమైన మేజర్ లీగ్ బేస్‌బాల్ తలుపులు తెరిచింది ఆ కుర్రాడే.

పొరపాటు జరిగింది, సరిచేశాం కదా, ఇంకా రాద్ధాంతమెందుకు అని పెంటగాన్‌ను సమర్థించేవాళ్లు అంటున్నారు. రాబిన్సన్ పేరు ప్రపంచానికి తెలుసు కాబట్టి అరిచేవాళ్లున్నారు, పేజీ తిరిగొచ్చింది. నవాహో భాషలో రహస్య సందేశాలు పంపిన సైనికుల పేజీలు, జపాన్ మూలాల అమెరికన్లు పోరాడిన 442వ రెజిమెంట్ పేజీ కూడా ఇదే ఊపులో పోయాయి, వాళ్ల కోసమూ జనం అడిగారు. పేరే తెలియని సిపాయి పేజీ పోతే అడిగేదెవరు? చెప్పకుండా తీసెయ్, ఎవరైనా పట్టుకుంటే తిరిగి పెట్టెయ్, పట్టుకోకపోతే వదిలెయ్. మా భయం ఈ పద్ధతి గురించే. ఇది అలవాటైతే ఏది పోయిందో కూడా తెలియదు.

అమెరికా గొడవ మనకెందుకంటారా? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోంచి గాంధీ హత్య తర్వాత ఆర్‌ఎస్‌ఎస్‌ను నిషేధించిన ప్రస్తావన పోయింది. ముందుగా ప్రకటించిన మార్పుల జాబితాలో అది లేదు. అడిగితే పొరపాటు అయ్యుండొచ్చన్నారు. అక్కడా అదే మాట, ఇక్కడా అదే మాట.

కాబట్టి పేజీ తిరిగి పెట్టాం అంటే సరిపోదు. తీయమన్నదెవరు, ఏ పదాలు చూసి తీశారు, ఇంకా ఏమేం తీశారు, అన్నీ బయటపెట్టాలి. ఫోర్ట్ రైలీలో తన ఉద్యోగం ఏమవుతుందో తెలియకుండానే ఒక యువ సైనికుడు కల్నల్ మొహం మీద ఉన్నమాట చెప్పేశాడు. ఇంత పెద్ద పెంటగాన్‌కు ఆ మాత్రం చేతకాదా?