ఓణీ తిప్పి చూడండి

నిన్న రాత్రి ఫంక్షన్ నుంచి వచ్చినప్పటి నుంచి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా.

వరసకు చెల్లెలయ్యే అమ్మాయి ఎంగేజ్‌మెంట్. నన్ను చూడగానే ఎదురొచ్చి "అక్కా, నా పోచంపల్లి లంగా ఓణీ ఎట్లుంది?" అంది. ఇన్‌స్టాలో ఏదో డిజైనర్ బ్రాండట. 18,500 అట. ఓణీ కొంగు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ముందు వైపు ఎర్రటి గళ్లు, వెనక తెలుపు! పాలిస్టర్ మీద మెషీన్‌తో కొట్టిన ప్రింటు. పెళ్లికూతురి ముఖం చూసి అక్కడ నోరు మూసుకున్నా. ఇక్కడ మూసుకోను.

పోచంపల్లి నేత అంటే ఇక్కత్. ఇక్కత్ డిజైన్ నేయకముందే పోగు మీద పుడుతుంది. పోగుల్ని లెక్కపెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పీలికలతో బిగించి కట్టి, ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ ఇంకో చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. రంగు పోగు లోపలిదాకా పోతుంది కాబట్టే బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు కొంచెం చెదురుతుంది. దాని అందమంతా ఆ చెదిరిన అంచులోనే ఉంది. వీళ్లు ఆ చెదురును కూడా కంప్యూటర్లో గీసి ప్రింట్ కొట్టారు. మనిషి చెయ్యి పడ్డ గుర్తును కూడా దొంగిలించారు!

ఆసు పోయడం, అంటే రంగు కట్టే ముందు పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టడం, ఎప్పుడైనా చూశారా? ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మాదీ మగ్గం ఇల్లే, కానీ మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి ఆలస్యమైపోయింది. అమ్మ ఇప్పటికీ జడ వేసుకోవాలంటే కుడిచెయ్యి పైకి లేవదు, నేనే వేస్తాను.

కొత్త డిజైన్లు వద్దని ఎవరన్నారు? మన హైదరాబాద్ గౌరంగ్ షా కూడా డిజైనరే కదా. రవివర్మ బొమ్మల్ని ఖాదీ చీరల మీద జాందానీలో నేయించారు. జాందానీ అంటే పువ్వు పువ్వుకీ వేరే పోగు చేత్తో దూర్చి నేయాలి. ఆయనకు ప్రింటు కొట్టించడం చేతకాకనా? అలాంటి చీర మన మనవరాళ్లు కూడా చూస్తారు. ఈ రీల్స్ బట్టలు వచ్చే పండక్కి ఎవరికైనా గుర్తుంటాయా?

2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్లు కొల్హాపురి చెప్పుల్లాంటివి మిలాన్ ర్యాంప్ మీద చూపించి, కొల్హాపూర్ పేరెత్తకపోతే దేశమంతా గొడవ చేశాం. మరి పోచంపల్లి పేరు పెట్టుకుని రోజూ ప్రింట్లు అమ్ముతుంటే లైకులు కొడుతున్నాం.

అయినా నా అసలు కోపం ఆ బ్రాండ్ మీద కూడా కాదేమో. ఆ అమ్మాయి వాళ్లమ్మ, మా చిన్నమ్మ, 2012లో మా ఇంటికొచ్చింది. నాన్న నేసిన పట్టుచీరకు 7 వేలు చెబితే మగ్గం పక్కనే గంటసేపు కూర్చుంది. "మనోళ్లమే కదా బావా, 5 వేలకు ఇయ్యరాదు" అంది. ఇచ్చేశాడు. పట్టు అప్పు, రంగుల ఖర్చు పోగా ఇంటిల్లిపాది కూలికి ఏం మిగిలిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ నెల నా కాలేజీ ఫీజు కట్టలేదు. అదే మనిషి ఇప్పుడు "ప్రైస్ కోసం డీఎం చేయండి" అంటే చేసింది. "నో రిటర్న్స్" అంటే సరే అంది. 18,500లో ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. ఫోన్ ముందు నోరు రాలేదు, నాన్న ముందు మాత్రం వచ్చింది.

నిన్న చిన్నమ్మ కట్టుకొచ్చింది నాన్న నేసిన ఆ చీరే. భోజనాల దగ్గర పక్కనే కూర్చుని దాని కొంగు కూడా తిప్పి చూశాను. రెండు వైపులా అదే ఎరుపు.