శ్రీ పెండింగ్ బ్యాలెన్స్ గారికి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ పెండింగ్ బ్యాలెన్స్ గారికి,

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి నుంచి, ఆన్‌లైన్ సంతలో సరుకు అమ్మే మీ కొత్త సెల్లర్ నమస్కరించి రాయునది. తమరంటే మరెవరో కాదు, నా సరుకు అమ్ముడయ్యాక కూడా ఆ సంతవారు నా చేతికివ్వకుండా ఆపి ఉంచిన డబ్బు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ అంకెల్లో క్షేమంగా ఉన్నారని రోజూ పొద్దున్నే చూసి సంతోషిస్తున్నాను. ఒక్కటే కోరిక. అక్కడే స్థిరపడిపోకుండా ఒకసారి మా బ్యాంకు ఖాతాకి కూడా దయచేయండి.

మన తొలి పరిచయం మరిచిపోలేనిది. ఖాతా నంబరు సరైనదో కాదో చూడ్డానికి ఒక్క రూపాయి పంపారు. బటన్ మీద నుంచి వేలు తీసేలోగా ఫోన్ టింగుమంది. ఆ రూపాయికి ఉన్న కాళ్ళు తరవాతి రూపాయిలకు ఉండవని నాకేం తెలుసు? బ్యాంకు సెలవు అందామన్నా కుదరదు. 2019 డిసెంబరు నుంచి బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ ఆదివారం, పండగ లేకుండా రాత్రింబవళ్ళు నడుస్తోంది.

కిరాణా కొట్లో ‘ఈ రోజు నగదు, రేపు అరువు’ అని బోర్డు పెడతారు. తమరు ఆ బోర్డునే తిరగేసి వేలాడదీశారు. ఈ రోజు సరుకు, రేపు నగదు. ఆ రేపు ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి మీ పేమెంట్ పాలసీ తెరిచాను. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడింది ఈ ఊళ్ళో ఉండే. ఆ పాలసీ చదివితే ఆయన పని ఇంకా మిగిలే ఉందనిపిస్తుంది.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఆర్డరు పడిన రోజు లెక్కలోకి రాదు. నేను ప్యాక్ చేసి కొరియర్ అబ్బాయి చేతిలో పెట్టిన రోజూ రాదు. సరుకు కొన్నవాడి గుమ్మం చేరి, ‘డెలివర్డ్’ అని మీ పుస్తకంలో ఎక్కిన రోజు నుంచి గడియారం కదులుతుంది. అక్కడి నుంచి 7 రోజులంటారు ఒకచోట, 15 అంటారు ఇంకోచోట. ఆ తరవాత కూడా డబ్బు వెంటనే బయలుదేరదు, వారానికోసారి వచ్చే పేమెంట్ రోజు కోసం కూర్చుంటుంది. మా దగ్గర బయలుదేరిన పార్సెల్ పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్ళాలన్నా ముందు భువనేశ్వర్ హబ్ దర్శనం చేసుకుని, రాష్ట్రం మారి, వెనక్కి రావాలి. నడిచి వెళ్ళి ఇచ్చొచ్చే దూరానికి దేశాటన. ఆ తిరుగుడంతా నా గడియారం ఆగిపోయి ఉంటుంది.

పాతపట్నం అంటే గుర్తొచ్చింది. చిన్న అమ్మకందారులు జీఎస్టీ నంబరు లేకపోయినా ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకోవచ్చని 2023 అక్టోబరు నుంచి వెసులుబాటు ఇచ్చారు. అయితే సొంత రాష్ట్రం లోపలే. అంటే మా ఒడిశాలోనే ఎక్కడో మల్కన్‌గిరి కొండల్లో ఉన్నవాడికి నేను నిక్షేపంలా అమ్మొచ్చు, మా పెద్దమ్మ ఉండే పాతపట్నానికి అమ్మకూడదు. 1936లో ఒడిశాను వేరు చేస్తూ గీసిన గీత మా చుట్టరికాలకి అడ్డం రాలేదు గానీ, మా పార్సెల్‌కి వచ్చింది. అందుకే నంబరు తీసుకున్నాను. తీసుకున్నాక ప్రతి అమ్మకం మీదా వందకి అర్ధ రూపాయి జీఎస్టీ పేరుతో తమరు పట్టుకుంటారు. 2024 జులైకి ముందు అది రూపాయి. ఆదాయపు పన్ను కింద పట్టేది కూడా అదే ఏడాది అక్టోబరులో వందకి రూపాయి నుంచి పది పైసలకి దిగింది. చూడండి, పన్నులవాళ్ళకే జాలి కలిగింది.

వాపసు గడువు దాటేదాకా ఆగడంలో న్యాయం లేదని నేననను. కొన్నవాడికి నచ్చకపోతే డబ్బు తిరిగివ్వాలి కదా. నా గోడు వేరు. నేను అమ్మేది కొమ్ము బొమ్మలు, మా ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చే పని. మొన్న ఒక కొంగ వాపసు వచ్చింది. సానపట్టి అద్దంలా చేసిన నల్లకొమ్ము, సన్నటి పొడుగు మెడ. అట్టపెట్టె విప్పితే మెడ ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు. కారణం అన్న గడిలో ‘సైజు సరిపోలేదు’ అని ఉంది. ఎవరికి సరిపోలేదు స్వామీ, కొంగకా? ఆ రిటర్న్ చార్జీ మాత్రం అదే రోజు నా లెక్కలోంచి తెగిపోయింది. దానికి గడువు లేదు, ఆపి ఉంచడం లేదు, వచ్చే వారం మాట లేదు. నాకు రావాల్సింది తమరి ఒడ్డున ఒంటికాలి మీద జపం చేస్తూ ఉంటుంది, నా నుంచి పోవాల్సింది మాత్రం చేపపిల్లలా చటుక్కున మాయమవుతుంది.

పైగా నేను కొత్తవాడిని కాబట్టి నమ్మకం కుదిరేదాకా నా డబ్బులో కొంత ‘రిజర్వు’ అని పక్కన ఆపి ఉంచుతారట. పాత సెల్లర్లకి గోదాములున్నాయి, బ్యాంకులో ఓడీ (ఖాతాలో లేకపోయినా వాడుకునే అప్పు) ఉంది, వాళ్ళకి తొందరగా ఇస్తారు. అట్టపెట్టెలు, టేపు కూడా అరువు తెచ్చుకునేవాడికి ఆలస్యంగా ఇస్తారు. ఇంతకంటే తెలివైన పద్ధతి నాకు తట్టడం లేదు. కొన్నిచోట్లయితే ‘త్వరగా కావాలా? కాస్త రుసుముతో ముందే తీసుకోండి’ అని ఒక బటన్ కూడా వెలుగుతుంది. నా డబ్బుని నాకే వడ్డీకిచ్చే ఆలోచన మా ఊరి ఫైనాన్సు వ్యాపారులకి కూడా ఇంతవరకు రాలేదు.

చట్టం చూద్దామనుకున్నాను. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతోంది. కానీ తమరు కొన్నవారు కాదు, అమ్మినవారూ కాదు, మధ్యలో సంత నడిపేవారు మాత్రమే. మరి క్యాష్ ఆన్ డెలివరీలో కొన్నవాడు గుమ్మంలోనే నోట్లు లెక్కపెట్టి ఇచ్చేస్తున్నాడు కదా. నోటు తమరి చేతికి, ఓపిక నా చేతికి.

నాకు బొమ్మలు చేసిచ్చే మామ వయసులో పెద్దవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఆకురాయి పక్కన పెట్టి, గోళ్ళ సందుల్లోని కొమ్ము పొడి దులుపుకుంటూ అడుగుతాడు: ‘ఏటి బాబూ, డబ్బులు పడ్డాయా?’ ఫోన్ చూపించాను, ఇదిగో మామా, అంకె కనబడుతోంది కదా అని. కళ్ళజోడు సవరించుకుని చూసి, ‘కనబడతన్నాది బాగానే ఉంది, తీసి ఇయ్యి’ అన్నాడు. ఆయన రిజర్వు పాలసీ ఒక్క వాక్యం. కొమ్ము కొనడానికి డబ్బిస్తే రేపటి బొమ్మ ఉంటుంది, లేకపోతే లేదు.

కాబట్టి తమరిని తొందరపెట్టడం లేదు. ఏ ఆర్డరు డబ్బు ఏ తారీఖున పడుతుందో దాని పక్కనే రాయండి. ఆపితే ఎందుకు ఆపారో రాయండి. వాపసు చార్జీ కూడా నా డబ్బుతో పాటే, అదే రోజు లెక్క తేల్చండి. అదీ కుదరదంటే మా మామ నంబరు పంపిస్తాను, మీరే ఫోన్ చేసి చెప్పుకోండి. ఆయనకి తెలుగూ వచ్చు, ఒడియా కూడా వచ్చు. రెండింట్లోనూ తిట్టగలడు.

ఇట్లు,
ఇంకా కొత్తవాడిగానే ఉన్న
మీ సెల్లర్