పండగ అయ్యాక వెళ్లండి

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి జనవరిలో, పక్షుల పండగ ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లోనే వెళ్లాలని మీ వ్యాసంలో రాశారు. నేనైతే ఫిబ్రవరి చివర్లో వెళ్లమంటాను. అప్పటికి సందడి సద్దుమణిగి, గూడబాతు (పెలికాన్) పిల్లలు కాస్త ఎదిగి ఉంటాయి. తల్లి పులికాట్ సరస్సు నుంచి చేపలు తెస్తే, పిల్ల దాని నోటి సంచిలోకి తల దూర్చేసి మెడదాకా మునిగిపోతుంది. బైనాక్యులర్‌లో అది చూసి మా చిన్నది, "నాన్నా, మింగేస్తోంది!" అని ఒకటే ఏడుపు.

ఇంకోటి, చెరువులో నిలబడ్డ కడప చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టుంటాయి. కంపు కూడా ఉంటుంది, అది మీరు రాయలేదు! ఆ రెట్టలు కలిసిన నీళ్లే పొలాలకు ఎరువని అక్కడి రైతులకు ఎప్పటినుంచో తెలుసు. పక్షుల్ని కాపాడుకుంటోందీ ఆ ఊరివాళ్లే. మొన్న ఎవరో పక్షుల్ని చూసే టవర్ మీద ఫోన్‌లో పాటలు పెడితే, ఊరి పెద్దాయనే వచ్చి ఆపించాడు.