డీడాస్ రక్షణ చిన్న వ్యాపారికీ అందాలి

2020 ఆగస్టు చివరి వారంలో న్యూజిలాండ్ స్టాక్ ఎక్స్ఛేంజీలో వరసగా నాలుగు రోజులు ట్రేడింగ్‌కు ఆటంకం కలిగింది. షేర్లు కొని అమ్మే వ్యవస్థలోకి ఎవరూ చొరబడలేదు. విదేశాల నుంచి వచ్చిపడిన దొంగ ట్రాఫిక్‌కు ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్ కుప్పకూలింది, అంతే. దీన్నే డీడాస్ దాడి అంటారు. కంపెనీల ప్రకటనలు మదుపరులందరికీ ఒకేసారి అందాలి. వాటిని చూపించే సైటే లేనప్పుడు ట్రేడింగ్ ఎలా సాగుతుంది? తర్వాత అక్కడి నియంత్రణ సంస్థ జరిపిన సమీక్ష ఎక్స్ఛేంజీ సన్నద్ధతనే గట్టిగా తప్పుపట్టింది. ఒక దేశపు స్టాక్ ఎక్స్ఛేంజీ పరిస్థితే ఇలా ఉంటే, ఆన్‌లైన్ ఆర్డర్ల మీద బతికే చిన్న వ్యాపారి గతేమిటి?

డీడాస్ దాడిలో దుండగుల చేతికి చిక్కిన వేలు, లక్షల పరికరాలు ఒక్కసారిగా ఒక సర్వర్ (వెబ్‌సైట్‌ను నడిపే కంప్యూటర్) మీద పడతాయి. అసలు కస్టమర్‌కు సందు దొరకదు. 2016లో అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు చాలామందికి అందకుండా చేసిన 'మిరాయ్' అనే హానికర సాఫ్ట్‌వేర్ దాడికి వాడుకున్నవి ఎక్కువగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని నిఘా కెమెరాలు, వీడియో రికార్డర్లే. ఇంత ట్రాఫిక్‌ను ఆపడం ఆఫీసులోని ఫైర్‌వాల్ (అనుమానాస్పద ట్రాఫిక్‌ను అడ్డుకునే ఏర్పాటు) వల్ల కాదు. దానిదాకా వచ్చే ఇంటర్నెట్ లైనే ముందు నిండిపోతుంది. దారిలోనే వడపోసి, అసలైన ట్రాఫిక్‌ను మాత్రమే పంపే సేవలు అందుకే పుట్టాయి. 2018 ఫిబ్రవరిలో సెకనుకు 1.35 టెరాబిట్ల దాడి జరిగినప్పుడు ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ తన ట్రాఫిక్‌ను అలాంటి సేవలందించే అకమాయ్ సంస్థకు మళ్లించి నిమిషాల్లోనే తేరుకుంది.

మన దేశంలో ఇలాంటి దాడి జరిగితే 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022లో ఆదేశాలొచ్చాయి. ఐటీ చట్టం కింద నేరస్తుడికి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇవి అవసరమే. కానీ ఫిర్యాదు చేరేలోగా పండగ సేల్ కాస్తా చేజారుతుంది. ఇంటర్నెట్ లైను, హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను ఉంచడానికి సర్వర్‌లో చోటు) అమ్మే సంస్థలు కనీస రక్షణను ప్యాకేజీలోనే కలిపి ఇవ్వాలని, ప్రభుత్వం దాన్ని నిబంధనగా పెట్టాలని మేం కోరుతున్నాం. దాడి ఎంత పెద్దదైతే అంత బిల్లు వేయడం దెబ్బతిన్నవాడిని మళ్లీ కొట్టడమే. ఇలాంటి రక్షణ సేవలమ్మే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ, దాడి పరిమాణాన్ని బట్టి బిల్లు వేయబోమని 2017లోనే ప్రకటించింది. మిగతావారు ఆ పద్ధతి ఎందుకు మానలేరు?

వ్యాపారులు కూడా సేవ కొన్నాం కదా అని ధీమాగా ఉండొద్దు. దాడి మొదలైన ఎన్ని నిమిషాలకు వడపోత మొదలవుతుంది, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేదెవరు అన్నవి ఒప్పందంలో రాయించుకోవాలి. సర్వర్ అసలు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో దాని చిరునామా సంఖ్య) బయట తెలిసిపోయి ఉంటే దాడి వడపోతను తప్పించుకుని నేరుగా వస్తుంది. దాన్ని మార్పించాకే డబ్బు కట్టాలి.