చందమామ మనతో ఎందుకు వస్తున్నాడు?
పిల్లలు అడిగే ప్రతి ప్రశ్నకూ అక్కడికక్కడే సరైన జవాబు చెప్పి తీరాలని, లేకపోతే వారి ఉత్సాహం నీరుగారిపోతుందని పిల్లల ప్రశ్నల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కసిరి కూర్చోబెట్టడం తప్పే, అందులో వాదనకు తావు లేదు. అయితే తొందరపడి చెప్పేసిన జవాబు కూడా ఒక్కోసారి ప్రశ్నను అక్కడితో ముగించేస్తుంది. అయిదేళ్ల మా మనవరాలు ఒకనాడు చీకటి పడే వేళ బస్సు కిటికీ పక్కన కూర్చుని, చెట్లన్నీ వెనక్కి పోతుంటే చందమామ ఒక్కడే మనతో ఎందుకు వస్తున్నాడని అడిగింది. దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరమని చెబితే ఆ అంకె దాని ఊహకు అందదు కనుక, రోడ్డు పక్కనున్న కంచెనూ, దూరాన కనిపిస్తున్న కొండనూ చూపించి, ఏది త్వరగా వెనక్కి పోతోందో చూడమన్నాను. చాలాసేపు చూసి, కొండ నెమ్మదిగా పోతోందని, చందమామ కొండకంటే ఇంకా ఎంతో దూరంలో ఉన్నాడేమోనని తానే అంది. సముద్రం నీలంగా ఎందుకుంటుందన్నదీ పిల్లలు అడిగే ప్రశ్నే కదా. అది ఆకాశపు ప్రతిబింబమేనని అప్పట్లో పెద్ద శాస్త్రవేత్తలు చెప్పిన జవాబుతో సరిపెట్టుకోకుండా, 1921 నాటి ఓడ ప్రయాణంలో సి.వి. రామన్ దాన్ని స్వయంగా పరీక్షించి చూశారు. ఆ ఆలోచనే 1928 నాటి రామన్ ఎఫెక్ట్‌కు, అంటే పదార్థానికి తగిలి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందన్న ఆవిష్కరణకు, దారితీసింది. చీకటి గురించో, చావు గురించో భయపడి అడిగే ప్రశ్నలకు మాత్రం జవాబు ఆలస్యం చేయకూడదు. అక్కడ వ్యాసం చెప్పిందే సరైనదని నేనూ నమ్ముతాను.