శాసనాలు చదివే సంఘానికి లెక్కలంటే చేదా?

తిరుపతి చరిత్ర సంఘం సర్వసభ్య సమావేశంలో గత ఆదివారం ఏం జరిగిందో ఊళ్లో చాలామందికి ఈపాటికే తెలుసు. ఏడాది జమాఖర్చులను ఒక్క కాగితం మీద అచ్చువేసి పంచారు. కోశాధికారి గడగడా చదివేశారు. అడగబోయినవారిని భోజనాల వేళ దాటిపోతోందంటూ కూర్చోబెట్టారు. ఇకపై పద్దులవారీ లెక్కలను కార్యవర్గం మాత్రమే చూస్తుందని, సభ్యులకు మొత్తాలు చెబితే చాలని ఆ వెంటనే తీర్మానం పెట్టి, మూజువాణి ఓటుతో అయిందనిపించారు. బయటికి వెళుతున్నవారి దగ్గర, గుమ్మంలోనే, ఆ ఒక్క కాగితాన్నీ తిరిగి తీసుకున్నారు.

అయినా ఒక ప్రతి మా బల్ల మీదికి చేరింది. జమ వైపు చందాలు, విరాళాలు, బ్యాంకు వడ్డీ. ఖర్చు వైపు అన్నిటికన్నా పెద్దది ‘సభలు – సన్మానములు’. దాని కిందే ‘ఇతరములు’. శాసనాల నకళ్లు తీసే కాగితం, సిరా, పల్లెలకు వెళ్లివచ్చే చార్జీలు, అంటే సంఘం ఏ పని కోసం పుట్టిందో ఆ పని, అట్టడుగున ఉంది. దాని మొత్తం ‘ఇతరముల’లో సగానికి కూడా రాదు. వార్షిక సంచిక అచ్చుకు ఖర్చు చూపారు, సంచిక మాత్రం ఏ సభ్యుడి చేతికీ రాలేదు. తాళపత్రాలను భద్రపరచండంటూ ఒక కుటుంబం విడిగా ఇచ్చిన విరాళం సాధారణ నిధిలో కలిసిపోయింది. అందులో తాళపత్రాలకు ఎంత చేరిందో ఆ కాగితం చెప్పదు. శాలువాల కొనుగోలుకు మాత్రం ఆరు వరుసల వివరం ఉంది!

కార్యవర్గంలోని పెద్దలు జీతం బత్తెం లేకుండా పనిచేస్తున్నారు, సొంత డబ్బు కూడా పెట్టుకుంటున్నారు అని వారి తరఫువారు అంటున్నారు. నిజమే కావచ్చు. ఎవరో సొమ్ము తిన్నారని మేము అనడం లేదు. మా అభ్యంతరం వేరు. ఊళ్లో అందరినీ ఆధారం చూపమని నిలదీసే సంఘం తన ఆధారాలను సొంత సభ్యులకే చూపనంటోంది.

ఈ మాట వేరే ఊరి సంఘం గురించైతే ఇంత ఘాటుగా రాసేవాళ్లం కాదేమో. ఇది తిరుపతి. తిరుమల, తిరుపతి ఆలయాల గోడల మీది శాసనాలు వెయ్యికి పైమాటే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల శ్రమతో 1930 దశకంలో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేయించింది. వాటిలో రాజుల బిరుదావళులు లేకపోలేదు గానీ, ఎక్కువ భాగం జమాఖర్చులే. ఫలానా వారు శ్రీభండారానికి, అంటే ఆలయ ఖజానాకు, ఇన్ని పణాలు (ఆనాటి నాణేలు) కట్టారు. ఆ సొమ్ముతో దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్విస్తారు. పెరిగిన పంటతో ఫలానా తిథుల్లో ఫలానా నైవేద్యం. దానికి బియ్యం ఎంత, నెయ్యి ఎంత, పెసరపప్పు ఎంత. ప్రసాదంలో దాతకు చెందేది నాలుగో వంతు, మిగిలింది ఎవరెవరికి. అన్నీ రాశాక ఇది ఆలయ లెక్కలు రాసే తిరునిన్ర ఊరుడయాన్ వ్రాలు (సంతకం) అని చివర ఒక పంక్తి. 966 నాటిదని చెప్పే శాసనంలోనూ పల్లవ రాణి సామవై వెండి విగ్రహంతో పాటు ఇచ్చిన నగలు తూకంతో సహా నమోదయ్యాయి. మహారాణి ఇచ్చింది కదా, మొత్తం చెబితే చాలని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

ఈ శాసనాల మీద ఏటా ఉపన్యాసాలు ఇప్పించేది ఈ సంఘమే. వక్తకు శాలువా కప్పి, దాత పేరు, ధాన్యం కొలత ఎంత కచ్చితంగా చెక్కారో చూడండని చప్పట్లు కొట్టేదీ ఈ సభ్యులే. రాతి మీది లెక్కను మెచ్చుకునేవారికి కాగితం మీది లెక్క ఎందుకు గుచ్చుకుంటోంది?

2003లో తిరుమల వేయికాళ్ల మండపాన్ని తొలగించినప్పుడు ఈ సంఘం పెద్దలు గట్టిగానే ప్రశ్నించారు. స్తంభాలు ఎక్కడ పెట్టారు, జాబితా ఏది, ఎవరి అనుమతితో తీశారు అని అడిగారు. 2010 మేలో శ్రీకాళహస్తి రాజగోపురం కూలింది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. పగుళ్ల మీద పాత నివేదికలు బయటపెట్టండని అప్పుడూ అడిగారు. అడగడం న్యాయం. ఈ పత్రిక వారి పక్షానే నిలిచింది. రేపు అలాంటి ప్రశ్నే మళ్లీ వేస్తే అవతలివారు ఈ ఆదివారం తీర్మానాన్నే చూపిస్తారు. ‘వివరాలు కమిటీ చూసుకుంటుంది, మీకు మొత్తాలు చాలు’ అనడం ఇకపై ఎవరికైనా సులువే. ఆ మాట నేర్పింది చరిత్ర సంఘమే.

చట్టం సంగతి పొడవుగా చెప్పనక్కర్లేదు. ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం జరపాలని, లెక్కలను దాని ముందుంచాలని 2001 నాటి సంఘాల నమోదు చట్టం ఉద్దేశం. మొక్కుబడిగా మొత్తాలు చదవడం లెక్క చెప్పడం కాదు. ఆదాయపు పన్ను మినహాయింపు పొందే సంస్థ రాబడిలో 85 శాతాన్ని తన ఆశయాలకు ఖర్చు చేయాలి, లేదా ఎందుకు దాచిపెడుతోందో చెప్పాలి. ‘ఇతరములు’ ఏ ఆశయమో ఆడిటరుకు ఎలా చెబుతారో మరి.

కార్యక్రమాల నివేదికదీ అదే తీరు. చంద్రగిరి రాజమహల్ ముందు ఫొటో దిగడాన్ని క్షేత్ర పర్యటన అని రాశారు. ఆ కోటకు కేంద్ర పురావస్తు శాఖ కాపలా ఉంది, మ్యూజియం ఉంది. పొలం గట్ల మీద పడి ఉన్న వీరగల్లులకు, పోరులో చనిపోయిన వీరుల స్మారక శిలలకు, ఎవరున్నారు? రోడ్డు వెడల్పులోనో, లేఅవుట్ చదునులోనో ఒకటి పోతే దాని నకలు తీసిపెట్టే బాధ్యత ఎవరిది? ఆ పని మీద ఏడాదిలో ఎన్ని ఊళ్లు తిరిగారో నివేదికలో ఒక్క వాక్యం లేదు.

‘సరే’ అని కేకవేసిన సభ్యులనూ వదలలేం. తిలాపాపం తలా పిడికెడు. అందులో విశ్రాంత అధ్యాపకులున్నారు, బ్యాంకుల్లో వోచర్లు చూసి చూసి రిటైరైనవారున్నారు. విద్యార్థి వ్యాసంలో ఆధారం చూపకపోతే సున్నా వేసినవారు తమ చందాకు ఆధారం అడగడానికి మొహమాటపడ్డారు.

కార్యదర్శి ఈ నెలలోనే ప్రత్యేక సమావేశం పిలవాలి. తీర్మానాన్ని రద్దు చేయాలి. పద్దులవారీ లెక్కలు, వోచర్ల ఫైలు, తాళపత్రాల దాఖలా పుస్తకం బల్ల మీద పెట్టాలి. ఏ కట్ట ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఇప్పుడు ఏ బీరువాలో ఉంది, ఎవరు చదవడానికి తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు అన్నవన్నీ అందులో ఉండాలి. పుస్తకమే లేదంటే ఆ మాటైనా సభ్యుల ముందు ఒప్పుకోవాలి.

అది చేసేదాకా ఈ పెద్దలు వినతిపత్రాలు పట్టుకుని దేవస్థానం మెట్లో, కలెక్టరేట్ మెట్లో ఎక్కి రికార్డులు చూపండని అడగకుండా ఉంటేనే మర్యాద. వెళితే అక్కడి గుమాస్తా ‘ముందు మీవి చూపండి సార్’ అంటాడు. అనాలి కూడా.