సవరణ: కుక్క మందు పిల్లికి వేయకండి

కుక్క, పిల్లి ఖర్చు తగ్గించుకోవడం గురించి మొన్న రాసిన దాంట్లో పెద్ద తప్పే దొర్లింది. పిడుదుల కోసం కుక్క మెడ మీద వేసే చుక్కల మందు పెద్ద సైజుది కొని, అందులోంచే పిల్లికీ రెండు చుక్కలు వేస్తే డబ్బు మిగులుతుందని రాశాను. దయచేసి అలా చేయకండి. అలాంటి కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది గానీ, దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. మందు తడి ఆరని కుక్కను పిల్లి ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. ఇప్పటికే వేసి ఉంటే, ఏమవుతుందో చూద్దామనుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మిగిలిన సాంబారు అన్నం కుక్కకు పెట్టమన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, తాలింపు ఏవీ వేయకముందే దాని వాటా చప్పిడిగా తీసిపెట్టండి. (మా ఇంట్లో దీని మీద అలకలు నడుస్తున్నాయి, అది వేరే సంగతి.)

ఒకటి రాయడం మరిచాను: జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో చాలాచోట్ల రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.